లారీ బాడీ షెడ్డులో 28 మంది: కొత్త లేబర్ కోడ్లు ఒక చిన్న యజమానికి తెచ్చిన పని

కేంద్ర ప్రభుత్వం 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్లుగా కుదించి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు, నేను పీఎఫ్, ఈఎస్ఐ, లేబర్ రికార్డుల పని చూసే చిన్న యజమానుల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. పత్రికల్లో ముందుగా కనబడింది పెరిగిన పరిమితులే. కరెంటు వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 1948 చట్టం 10 మంది అంటే కొత్త కోడ్ 20 మంది అంటుంది. కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం 20కి బదులు 50 మంది దగ్గర మొదలవుతుంది. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే సంస్థ రాసిపెట్టుకోవాల్సిన ఉద్యోగ నిబంధనలు, 300 మంది ఉంటేనే. "ఇక మన జోలికి ఎవరూ రారు కదండీ" అన్న మాట ఆ నెలలో నాకు చాలాసార్లు వినబడింది. ఆ ధీమా చాలాచోట్ల నిలవదని చూపడానికి విజయవాడ ఆటోనగర్‌లోని ఒక లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు వ్యవహారాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మనుషులను, షెడ్డును గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. లెక్కల తీరు మాత్రం మార్చలేదు.

ఆ షెడ్డు యజమాని హెల్పరుగా మొదలై సొంత షెడ్డు పెట్టుకున్న మనిషి. పనివాళ్లను పేరుపెట్టి పిలుస్తాడు, పండక్కి బట్టలు పెడతాడు, ఆసుపత్రి ఖర్చు వస్తే కాదనడు. కాగితం దగ్గరే ఆయనకు విసుగు. జీతాల రిజిస్టరులో ఉన్నవాళ్లు 14 మంది. మిగతా పనిని మేస్త్రీలకు బాడీకి ఇంత అని గుత్తకు ఇస్తాడు: వెల్డింగ్ మేస్త్రీతో కలిపి ఆరుగురు, కార్పెంటరీకి ముగ్గురు, పెయింటింగ్‌కు ఐదుగురు. శనివారం సాయంత్రం మేస్త్రీల చేతికి డబ్బు ఇస్తే వాళ్లు తమ మనుషులకు బట్వాడా చేసుకుంటారు. కొన్నేళ్ల కిందట రిజిస్టరులోనే 22 మంది ఉండేవారు. అప్పుడు పీఎఫ్ ఆఫీసులో సంస్థ నమోదు (కోడ్) నంబరు వచ్చింది. తర్వాత ఆయన మనుషులను మెల్లమెల్లగా మేస్త్రీల కిందికి మార్చాడు.

నన్ను పిలిచింది కోడ్ల గురించి కాదు. తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న హెడ్ ఫిట్టరు సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి, జనవరి 24 శనివారం వరకు పనిచేసి మానేస్తున్నానన్నాడు. అప్పుగా తీసుకున్న అడ్వాన్సు తేలేవరకు ఈ నెల జీతం ఆపుతానని యజమాని అన్నాడు. ఫిట్టరు లేబర్ ఆఫీసుకు వెళతానన్నాడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి గౌరవం ఉంది కాబట్టే ఆ మాట యజమానికి గుచ్చుకుంది.

రెండు పని దినాలు

వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి రాజీనామా చేసినా, తొలగించినా, షెడ్డు మూతపడినా, అతనికి రావాల్సిన వేతనం రెండు పని దినాల్లో చెల్లించాలి. తొలగించినప్పుడు త్వరగా లెక్క తేల్చాలన్న నియమం పాత వేతన చెల్లింపు చట్టంలోనూ ఉండేది. ఇప్పుడు తానుగా మానేసినవాడికి కూడా అదే గడువు రాతపూర్వకంగా వచ్చింది. 25 ఆదివారం, 26 రిపబ్లిక్ డే కాబట్టి మాకు 28వ తేదీ సాయంత్రం వరకు సమయం ఉంది. మానేసినవాడి జీతాన్ని వచ్చే నెల అందరితో కలిపి ఇచ్చే అలవాటు ఆటోనగర్‌లో ఎంత పాతదో నాకు తెలుసు. అయినా ఈ కోడ్‌లో ఒక్క మార్పునే గుర్తుంచుకోమని యజమానులకు చెప్పాల్సి వస్తే నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే తగాదా పుట్టేది ఎప్పుడూ మనిషి వెళ్లిపోయే రోజునే.

ఫిట్టరు నెల జీతం 32,000 రూపాయలు. అందులో బేసిక్ 9,000, ఇంటి అద్దె అలవెన్సు 12,000, రాకపోకల అలవెన్సు 6,000, పనిముట్లు, బట్టల ఖర్చు కింద 5,000. పీఎఫ్ తగ్గించడానికి ఒకప్పుడు ఎవరో సలహా ఇచ్చి చేయించిన విభజన ఇది. అందరికీ ఒకే రకంగా ఇచ్చే అలవెన్సులను పీఎఫ్ లెక్క నుంచి తప్పించకూడదని 2019 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఇది అప్పటికే బలహీనమైన ఏర్పాటు. కొత్త కోడ్ దాన్ని అంకెతో తేల్చేసింది. వేతనం కింద లెక్కకు రానివని చట్టం చెప్పిన అలవెన్సుల మొత్తం, ఉద్యోగికి ఇచ్చే మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. యజమాని పీఎఫ్ వాటాను పక్కనపెట్టి సులువుగా లెక్కిస్తే, ఇక్కడ మినహాయింపుల మొత్తం 23,000, సగం 16,000, మించినది 7,000. బేసిక్ 9,000కు ఆ 7,000 కలిపి ఫిట్టరు వేతనం 16,000 అవుతుంది. కాగితం మీద ఎలా విడగొట్టినా ఆ అంకె అంతకంటే కిందికి దిగదు.

యజమానికి అసలు తట్టని విషయం గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి ఇవ్వాల్సిన మొత్తం. "వాడంతట వాడే మానేశాడు కదండీ, దానికీ గ్రాట్యుటీయా" అని అడిగాడు. ఐదేళ్లు నిండిన ఉద్యోగి రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుందన్నది 1972 చట్టం నాటి నుంచీ ఉన్నదే. మారింది లెక్కకు తీసుకునే వేతనం. పాత పద్ధతిలో 9,000 మీద, ఏడాదికి 15 రోజుల చొప్పున, 26తో భాగించి తొమ్మిదేళ్లకు లెక్కిస్తే 46,731 రూపాయలు వచ్చేది. ఇప్పుడు 16,000 మీద 83,077. గ్రాట్యుటీని చివరి వేతనం మీద లెక్కిస్తారు కాబట్టి, కోడ్ రాకముందు గడిచిన సంవత్సరాలన్నింటికీ కొత్త వేతనమే కొలత అవుతుంది. పాత పనివాళ్లు ఎక్కువగా ఉన్న చిన్న షెడ్లకు అసలు భారం ఇదే. ఒక్కసారి కూర్చుని, ఇవాళ అందరూ మానేస్తే ఎంత ఇవ్వాలో లెక్క వేసి ఆ అంకె గోడకు రాసుకోమని నేను చెబుతుంటాను. ఈ యజమాని విషయంలో ఆ మొత్తం ఆయన బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితికి దగ్గరగా వచ్చింది. గ్రాట్యుటీ చెల్లింపుకు 30 రోజుల గడువు ఉంది. దాన్ని రెండు రోజుల లెక్కతో కలపనక్కరలేదు.

అడ్వాన్సు సంగతి ఇంకా చిక్కుగా ఉంది. యజమాని జేబు పుస్తకంలో రెండేళ్లుగా రాసుకున్న పద్దుల మొత్తం 20,000. వాటిలో ఒక్కదాని పక్కనా ఫిట్టరు సంతకం లేదు, కొన్నింటికి తేదీ లేదు, ఒకచోట "పిల్ల ఫీజు 3" అని మాత్రమే ఉంది. మూడు వేలా, మూడోసారా అన్నది ఆయనకే గుర్తురాలేదు. వేతనాల కోడ్ 59వ సెక్షన్ కింద, వేతనం ఇవ్వలేదనో, తక్కువిచ్చారనో, అక్రమంగా కోశారనో ఉద్యోగి క్లెయిము వేస్తే, ఇచ్చానని నిరూపించే బాధ్యత యజమానిదే. క్లెయిము వేయడానికి మూడేళ్ల వ్యవధి ఉంది. క్లెయిము తేల్చే అధికారి బాకీ సొమ్ముకు తోడు పది రెట్ల దాకా పరిహారం వేయవచ్చు. సంతకం లేని జేబు పుస్తకం అక్కడ నిలబడదు.

పైగా అడ్వాన్సు నిజమే అయినా, ఒక వేతన కాలంలో అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం మించకూడదు. నెలకు 30 రోజుల లెక్కన 24 రోజులకు అతనికి రావాల్సింది 25,600. వేతనం అన్న మాటను కఠినమైన అర్థంలో తీసుకుని, నిర్వచనం ప్రకారం వచ్చే 12,800 మీద సగం, అంటే 6,400 దగ్గర కోతలు ఆపాలని నిర్ణయించాం. అందులో పీఎఫ్ 1,536 పోను అడ్వాన్సు కింద, గుండ్రంగా, 4,800 మాత్రమే పట్టుకోగలం. జీతం బిల్లు 28న బ్యాంకులో వేయించాం. గ్రాట్యుటీలోంచి అడ్వాన్సు కోసుకుంటానని యజమాని పట్టుబట్టాడు. ఏకపక్షంగా కోయకూడదని, ఉద్యోగి దుష్ప్రవర్తనకో, కలిగించిన నష్టానికో తొలగించిన సందర్భంలో తప్ప గ్రాట్యుటీని ఆపే అధికారం యజమానికి లేదని చెప్పి ఒప్పించడానికి కొంత సమయం పట్టింది. గ్రాట్యుటీ పూర్తిగా ఖాతాలో పడ్డాక ఫిట్టరు తానే వచ్చి 15,000 వరకు తీసుకున్నమాట నిజమని ఒప్పుకుని, మిగిలిన 10,200 తిరిగి కట్టి రశీదు తీసుకున్నాడు. తక్కిన 5,000 యజమాని వదులుకున్నాడు. అందరి విషయంలో ఇంత సుఖంగా ముగుస్తుందని నేను చెప్పను.

మేస్త్రీల మనుషులు ఎవరి మనుషులు

ఆ లెక్క తేలాక అసలు సమస్య బయటపడింది. యజమాని వాదన సూటిగా ఉంది: నా దగ్గర 14 మందే, కాబట్టి ఇది ఫ్యాక్టరీ కాదు; మేస్త్రీలకు తలా ఆరుగురు కూడా లేరు, కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. రెండో మాటలో నిజం ఉంది. కాంట్రాక్టు లైసెన్సు 50 మందికి లోపు ఉన్నవారికి అక్కర్లేదు. మొదటి మాట మాత్రం తప్పు. ఫ్యాక్టరీ నిర్వచనం చూసేది ఆ ఆవరణలో ఎంతమంది కార్మికులు పనిచేస్తున్నారన్నది, గడిచిన 12 నెలల్లో ఏ ఒక్కరోజైనా ఎంతమంది పనిచేశారన్నది. జీతం ఎవరి చేతి మీదుగా వెళ్లిందన్నది కాదు. ఆ షెడ్డులో రోజూ 28 మంది చేయి ఆడుతోంది. వాళ్లు చేసేది లారీకి బాడీ కట్టడం, అదే ఆ షెడ్డు వ్యాపారం. 20 మంది, అంతకు మించి ఉంటే ఫిర్యాదుల పరిష్కార కమిటీ కూడా కావాలి. అందులో యజమాని తరఫువాళ్లు, కార్మికుల తరఫువాళ్లు సమానంగా ఉండాలి, మొత్తం 10 మందికి మించకూడదు.

పీఎఫ్‌కు కూడా షెడ్డు పని కోసం కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు లెక్కలోకి వస్తారన్నది పాత నియమమే. లైసెన్సు అవసరం లేకపోవడం వేరు, బాధ్యత లేకపోవడం వేరు. వేతనాల కోడ్ 43వ సెక్షన్ ప్రకారం, నేరుగా పెట్టుకున్న యజమాని, ఇక్కడ మేస్త్రీ, వేతనం ఎగ్గొడితే ఆ సంస్థ యజమాని దాన్ని చెల్లించాలి. మేస్త్రీ శనివారం డబ్బు తీసుకుని కనబడకుండా పోతే, ఐదుగురు పెయింటర్ల బాకీ షెడ్డు మీద పడుతుంది. ఆ ఐదుగురూ ఎన్ని రోజులు పనిచేశారో చెప్పే కాగితం షెడ్డులో ఉందా అని అడిగితే, గేటు దగ్గరి పుస్తకం తెచ్చి చూపించారు. ప్రతి పేజీలోనూ "పె.మే. మనుషులు 5" అని ఉంది. ఒక్క పేరు లేదు. గ్రైండింగ్ రవ్వ ఎవరి కంట్లోనో పడితే ఆ రోజు ఆ మనిషి అక్కడ ఉన్నాడో లేడో ఆ పుస్తకం చెప్పదు. ఈఎస్ఐ లేని మనిషికి పనిలో ప్రమాదం జరిగితే పరిహారం యజమాని మీదికే వస్తుంది. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం రుజువైతే, సామాజిక భద్రతా కోడ్ ఆ లెక్కలోకే తెచ్చింది.

ఆయన ఆడిటరు అప్పటికే ఒక ఉపాయం చెప్పి ఉన్నాడు: భార్య పేరున ఇంకో సంస్థ పెట్టి సగం మందిని అటు చూపించమని. నేను దానికి ఒప్పుకోలేదు. అదే షెడ్డు, అదే కరెంటు మీటరు, అదే క్రేను, బిల్లులు ఇచ్చేదీ అదే మనిషి. ఇటువంటి ముక్కలను ఒకే సంస్థగా కలిపి చూసే అధికారం పీఎఫ్ అధికారులకు ఎప్పటి నుంచో ఉంది, వాళ్లు దాన్ని వాడడమూ చూశాను. రెండు సంస్థల జీఎస్టీ రిటర్నులకు అయ్యే ఖర్చుతో నలుగురు హెల్పర్ల ఈఎస్ఐ చందా గడుస్తుంది.

మేం చేసింది ఇది. వెల్డింగ్ బృందంలోని ఆరుగురిని, మేస్త్రీతో సహా, ఏడాది కాల నిర్ణయంతో నేరుగా ఉద్యోగంలోకి తీసుకున్నాం. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి శాశ్వత ఉద్యోగితో సమానంగా వేతనం, సౌకర్యాలు ఇవ్వాలి, ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ కూడా వస్తుంది. ఐదేళ్ల నియమం వాళ్లకు వర్తించదు. దాన్ని నెలనెలా ఖర్చులో వేసుకోమని యజమానికి ముందే చెప్పాను. మేస్త్రీకి మొదట నచ్చలేదు. గుత్తలో తన వాటా ఉంటుంది, జీతంలో ఉండదు. పని పర్యవేక్షణకు విడిగా ఒక అలవెన్సు, పూర్తయిన ప్రతి బాడీకి ఒక ఇన్సెంటివ్ ఇవ్వడానికి ఒప్పుకున్నాక వచ్చాడు. కార్పెంటర్లు ముగ్గురూ నాలుగు షెడ్లలో తిరుగుతూ పనిచేసేవాళ్లు, సొంత పనిముట్లు, సొంత లెక్క. వాళ్లను గుత్త మీదే ఉంచాం. గేటు పుస్తకంలో మాత్రం పేరు, వచ్చిన వేళ, సంతకం తప్పనిసరి చేశాం.

జీతం చీటీ, చేతికొచ్చే డబ్బు

జీతాల విభజనను మార్చే పనిని హెల్పర్ల నుంచి మొదలుపెట్టాం, ఎందుకంటే ఇబ్బంది ఎక్కువ అక్కడే. 15,000 జీతంలో 6,000 బేసిక్ ఉన్న హెల్పరుకు సగం నియమం ప్రకారం వేతనం 7,500 అవుతుంది. కానీ సగం లెక్క కుదిరినంత మాత్రాన కనీస వేతనం కుదిరినట్టు కాదు. రాష్ట్ర నోటిఫికేషన్‌లో ఆ కేటగిరీకి బేసిక్, వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కలిపి ఉన్న అంకెకు అది చాలా దూరంలో ఉంది. కొత్త నియమాలు పూర్తిగా కుదురుకునేవరకు పాత చట్టాల కింది నోటిఫికేషన్లు, కోడ్లకు విరుద్ధం కానంత మేరకు, కొనసాగుతున్నాయి కాబట్టి ఆ కనీస వేతనం అమల్లో ఉన్నట్టే. అందుకని హెల్పర్ల అలవెన్సులన్నీ బేసిక్, డీఏలలో కలిపేశాం. దానితో పీఎఫ్ కోత 720 నుంచి 1,800కు పెరిగి, చేతికొచ్చేది నెలకు 1,080 తగ్గింది. యజమాని మీద కూడా అంతే భారం పడింది.

ఇది చట్టం కంటే మనుషులతో వ్యవహరించే పని. చీటీలో తగ్గిన అంకె చూసి ఫస్టు తారీఖున గొడవ పడేకంటే, ముందుగానే అందరినీ కూర్చోబెట్టి ఎందుకు తగ్గుతోందో, ఆ డబ్బు ఎక్కడికి వెళుతోందో చెప్పడం మంచిదని పట్టుబట్టాను. చెప్పింది నేను కాదు, యజమాని. కన్సల్టెంటు చెబితే కోత పెట్టడానికి వచ్చిన మనిషిలా కనబడతాడు. ఒక హెల్పరు లేచి, "పీఎఫ్ మాకెందుకండీ, ఇంటద్దె ఎట్టా కట్టాలి" అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తగ్గిన 1,080లో 500 జీతం పెంపుగా ఇవ్వడానికి యజమాని ఆ సభలోనే ఒప్పుకున్నాడు, మిగతాది పీఎఫ్ పాసుబుక్కులో కనబడుతుందని ఫోనులో చూపించాడు. చూసినవాళ్లలో ఇద్దరికి ఆధార్‌లో, పీఎఫ్‌లో పుట్టిన తేదీ వేరువేరుగా ఉందని అప్పుడే తెలిసింది. దాన్ని సరిచేయించడం ఇంకా నడుస్తోంది.

ఎక్కువ జీతం ఉన్న ఫిట్టర్ల విషయంలో పీఎఫ్ చందాను 15,000 వేతన పరిమితికి కట్టడి చేశాం కాబట్టి వాళ్ల చేతికి తగ్గింది కొద్దే. అయితే మొత్తం జీతం 21,000 దాటిందని ఇంతకాలం ఈఎస్ఐ బయట ఉన్నవాళ్లు, కొత్త నిర్వచనంలో వేతనం 16,000 అయ్యేసరికి లోపలికి వస్తున్నారు. 0.75 శాతం వాళ్లది, 3.25 శాతం యజమానిది. ఈ మార్పును మన లెక్కతోనే చేసేయకుండా స్థానిక ఈఎస్ఐ కార్యాలయానికి రాసి, జవాబును ఫైలులో పెట్టుకోమన్నాను.

నియామక పత్రాల గడువు దగ్గరలో ఉండింది. వృత్తి భద్రత కోడ్ పాత ఉద్యోగులకు కూడా మూడు నెలల్లో, అంటే ఫిబ్రవరి మూడో వారానికల్లా, నియామక పత్రం ఇవ్వాలంటుంది. తెలుగులో ఒక్క పేజీకి మించకుండా రాశాం: పేరు, పని, చేరిన తేదీ, వేతనం విడివిడిగా, పని వేళలు, ఓవర్‌టైముకు రెట్టింపు రేటు, సెలవులు, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు. చేరిన తేదీ దగ్గర యజమాని తటపటాయించాడు. నిజమైన తేదీ రాస్తే గ్రాట్యుటీ పెరుగుతుందని ఆయన భయం. ఈఎస్ఐ రికార్డులో ఉన్న తేదీని కాదని ఇంకో తేదీ రాస్తే రేపు అదే కాగితం ఆయన మీద సాక్ష్యం అవుతుందని చెప్పాక నిజమైన తేదీలే పడ్డాయి. అడ్వాన్సులకు అచ్చు వోచర్ల పుస్తకం వచ్చింది: మొత్తం, తేదీ, ఎన్ని వాయిదాల్లో తీర్చాలి, సంతకం. యజమాని కూతురు దాన్ని శనివారం బట్వాడా అయ్యాక ఫోటో తీసి దాచుతోంది.

ఇన్‌స్పెక్టరు పేరు ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది. వేతనాల కోడ్ కింద ప్రాసిక్యూషన్‌కు ముందు లోపాన్ని సరిదిద్దుకోమని గడువుతో రాతపూర్వకంగా చెప్పాలి. ఐదేళ్లలో అదే తప్పు మళ్లీ దొరికితే ఆ అవకాశం ఉండదు. కొందరు దీన్ని "మొదటిసారి ఫ్రీ" అని అర్థం చేసుకుంటున్నారు. నా అనుభవంలో చిన్న షెడ్డు మీదికి కేసు తనిఖీ వల్ల రావడం తక్కువ, మానేసినవాడి క్లెయిము వల్ల రావడం ఎక్కువ. క్లెయిములో ఆ మొదటి అవకాశం వర్తించదు.

మిగిలిపోయింది పెయింటర్లు. వాళ్ల మేస్త్రీ పేర్లు ఇస్తానని రెండుసార్లు మాట ఇచ్చాడు, ఆధార్ కాపీలు ఇంకా తేలేదు. తన మనుషుల్లో ఇద్దరు వేరే చోట ఈఎస్ఐలో ఉన్నారని, ఒకడికి బ్యాంకు ఖాతాయే లేదని అంటున్నాడు. ఖాతా తెరిపించే బాధ్యత షెడ్డు తీసుకుంది. మార్చి నెలాఖరులోగా ఐదుగురి పేర్లూ, హాజరూ, బ్యాంకు ద్వారా వేతనమూ మొదలుకాకపోతే, ఏప్రిల్ నుంచి పెయింటింగ్ పనిని ఆ మేస్త్రీకి గుత్తకు ఇవ్వకుండా ఆ ఐదుగురినీ నేరుగా తీసుకోవాలన్నది ఒప్పందం. అలా తీసుకుంటే బాడీకి ఎంత పెరుగుతుందో లెక్క కట్టి, కొత్త కొటేషన్లలో ఆ మొత్తాన్ని ఇప్పటి నుంచే కలపమని యజమానికి రాసి ఇచ్చాను.